తెల్లకోటు కంటే ముందు ఆర్నెల్ల ఖర్చు

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. ఇంగ్లండులోనే డిగ్రీ చదివి, అయిదేళ్లుగా ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ) ఆస్పత్రి ల్యాబులో బయోమెడికల్ సైంటిస్టుగా పనిచేస్తున్నాను. డిగ్రీ అయినవారి కోసం ఉన్న నాలుగేళ్ల డాక్టరు కోర్సు, గ్రాడ్యుయేట్ ఎంట్రీ మెడిసిన్‌లో సీటు వచ్చింది, సెప్టెంబరులో చేరాలి. నెలకు 2,450 పౌండ్లు చేతికి వస్తాయి. కారు వాయిదా 260తో కలిపి 1,900 ఖర్చవుతాయి. పొదుపు ఖాతాలో 6,200, మొదటి ఇల్లు లేదా వృద్ధాప్యం కోసం ప్రభుత్వం బోనస్ కలిపే లైఫ్‌టైమ్ ఐసాలో 9,000 ఉన్నాయి. ఉద్యోగం ఉండగానే 8.9 శాతం వడ్డీకి అయిదేళ్ల గడువుతో 20,000 పౌండ్ల పర్సనల్ లోన్ తీసుకుని, ఆ తర్వాత రాజీనామా చేయమని స్నేహితులు అంటున్నారు. రెండేళ్ల క్రితం గుంటూరు తిరిగి వెళ్లిన నాన్నగారు మంగళగిరి దగ్గరి స్థలం అమ్ముతానంటున్నారు. అయిదేళ్ల మామూలు కోర్సుకు కూడా ఒక చోట సీటు ఇస్తామన్నారు. ఏం చేయమంటారు?
— లెస్టర్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ముందుగా అభినందనలు. ఇంటర్మీడియట్ కాగానే నీట్ రాసి ఎంబీబీఎస్‌లో చేరడమే తెలిసిన మన బంధువులకు, డిగ్రీ అయ్యి ఉద్యోగం చేస్తూ మళ్లీ డాక్టరు చదువేమిటన్న సందేహం రావడం సహజం. వారికి జవాబు చెప్పే పని మీకే వదిలేస్తున్నాను. మీ ఉత్తరాన్ని ఇక్కడ తీసుకోవడానికి కారణం మీ స్నేహితులు ఇచ్చిన సలహా. ఉద్యోగం ఉండగానే అప్పు తీసుకుని తర్వాత మానేయడమన్న ఆలోచన తెలివైన ఉపాయంలా ఎంతోమంది నోట వినిపిస్తోంది. అది ఉపాయం కాదని ఒక్క గుణకారంతో తెలిసిపోతుంది.

మీరు చెప్పిన వడ్డీకి 20,000 పౌండ్ల అప్పు మీద నెల వాయిదా దాదాపు 410 పౌండ్లు. కోర్సులో చేరిన నాటి నుంచి డాక్టరుగా మొదటి జీతం అందుకునే దాకా 48 నెలలు. అంటే జీతం లేని కాలంలోనే మీరు దాదాపు 19,700 పౌండ్లు బ్యాంకుకు తిరిగి కట్టేస్తారు. ఆ వాయిదాలకు డబ్బు ఎక్కడిది? ఆ అప్పులోదే. తెచ్చిన ఇరవై వేలలో చదువుకు మిగిలేది మూడు వందలు. ఆ పైన జీతం మొదలయ్యాక మరో పన్నెండు వాయిదాలు మీ కోసం ఎదురుచూస్తూ ఉంటాయి. మొత్తం మీద 4,600 పౌండ్లకు పైగా వడ్డీ కట్టి మీరు కొనుక్కునేది, మొదటి రెండేళ్లూ ఖాతా నిండుగా కనిపిస్తుందన్న తృప్తి, చివరి రెండేళ్లూ అది ఎండిపోతుందన్న దిగులు. పైగా సమీప భవిష్యత్తులో మీ ఆదాయం మారబోతోందా అని బ్యాంకు దరఖాస్తులోనే అడగవచ్చు. రాజీనామా చేయాలని నిర్ణయించుకుని కూడా లేదని రాస్తే అది తప్పుడు సమాచారం ఇచ్చి అప్పు తీసుకోవడమే అవుతుంది. రేపు వృత్తిలో నిజాయతీ గురించి ప్రశ్నలు ఎదుర్కోబోయే మనిషి ఇవాళ అలాంటి సంతకం పెట్టడం ఏం బాగుంటుంది? వడ్డీ లేని క్రెడిట్ కార్డుల మాట కూడా ఎత్తవద్దు. వాటి ఉచిత గడువు సాధారణంగా రెండో ఏడాదిలోనే ముగుస్తుంది, మీకు డబ్బు అతి తక్కువగా అందే కాలం సరిగ్గా అదే.

ఆ రెండో ఏడాది గురించే మీ ఉత్తరంలో ఒక్క మాటా లేదు. ఇంగ్లండులో ఈ కోర్సు మొదటి ఏడాది ఫీజులో దాదాపు 3,500 పౌండ్లు మీరే కట్టుకోవాలి, మిగతాది ట్యూషన్ ఫీజు లోన్‌గా వస్తుంది. ఇంటి ఖర్చుల కోసం ఇచ్చే మెయింటెనెన్స్ లోన్ కూడా ఆ ఏడాది పూర్తి రేటుకు దొరుకుతుంది. 2025-26లో లండన్ బయట గరిష్ఠ మొత్తం 10,544 పౌండ్లు, మీకు 25 ఏళ్లు దాటాయి కనుక తల్లిదండ్రుల ఆదాయంతో నిమిత్తం లేదు. రెండో ఏడాది నుంచి ఫీజులో కొంత భాగాన్ని ఎన్‌హెచ్‌ఎస్ బర్సరీ (తిరిగి కట్టనక్కర్లేని సాయం) భరించడంతో చాలామంది గండం గడిచిందనుకుంటారు. కానీ ఇంటి ఖర్చుల కోసం వచ్చే లోన్ అప్పటి నుంచే తగ్గించిన రేటుకు పడిపోతుంది. బర్సరీలోని 1,000 పౌండ్ల గ్రాంటు, ఆదాయాన్ని బట్టి ఇచ్చే మరికొంత మొత్తం కలిపినా మొదటి ఏడాది స్థాయికి చేరదు. నెలకు 1,100 పౌండ్లతో ఎంత పొదుపుగా బతికినా మొదటి ఏడాది రెండున్నర వేలకు పైగా, ఆ తర్వాత ఏటా ఆరు వేల దాకా కొరత ఉంటుందని లెక్క వేసుకోండి. పైగా లోన్‌కు ఒక చోట, బర్సరీకి మరో చోట వేరువేరుగా దరఖాస్తు చేయాలి. ఏ కాగితం ఎక్కడ ఆగినా ఇంటి యజమాని మాత్రం అద్దె కోసం ఆగడు.

అందువల్ల అత్యవసర నిధి గురించి నేను ఎప్పుడూ చెప్పే మాటనే ఈసారి మరింత గట్టిగా చెబుతున్నాను. ఎన్‌హెచ్‌ఎస్‌లో అయిదేళ్ల సర్వీసు పూర్తయిన ఉద్యోగికి జబ్బు చేస్తే ఆరు నెలలు పూర్తి జీతం, మరో ఆరు నెలలు సగం జీతం అందుతాయి. రాజీనామా చేసిన రోజున జీతంతో పాటు ఆ రక్షణ కూడా పోతుంది, పింఛను పథకంలో సర్వీసులో ఉండగా మరణిస్తే కుటుంబానికి అందే రెండేళ్ల జీతమంత మొత్తమూ పోతుంది. పోయిన జీతానికి బదులిచ్చే బీమా అసలు జీతమే లేనివారికి పెద్దగా అక్కరకు రాదు కనుక ఆ పని చేతిలోని డబ్బే చేయాలి. ఆరు నెలల ఖర్చు 6,600 పౌండ్లు విడి ఖాతాలో, అడిగిన వెంటనే తీయగలిగేలా ఉండాలి; ఏటా వచ్చే కొరతను దానితో పూడ్చకూడదు. నాన్నగారికి ఒంట్లో బాగాలేదని కబురు వచ్చి రాత్రికి రాత్రి విజయవాడకు టికెట్ కొనాల్సి వచ్చినప్పుడు, ఒక ఏడాది తిరిగి చదవాల్సి వచ్చినప్పుడు ఆ డబ్బు ఉంటుంది. చివరి వేసవిలోనూ దాని అవసరం ఉంటుంది. చదువు కాగానే కొత్త డాక్టర్లు చేసే రెండేళ్ల శిక్షణ, ఫౌండేషన్ ప్రోగ్రామ్‌లో 2024 నుంచి మార్కులతో సంబంధం లేకుండా కంప్యూటర్ ఇచ్చే వరుస సంఖ్యను బట్టి ప్రాంతాలు కేటాయిస్తున్నారు. ఊహించని ఊరికి మారి, ఇంటి అద్దెకు డిపాజిట్ కట్టి, నెల రోజులు గడిపాక గాని మొదటి జీతం రాదు.

ఇక సెప్టెంబరుకు ఇంకా ఎనిమిది నెలల జీతాలు ఉన్నాయి. కారు ఒప్పందంలో సగం మొత్తం ఇప్పటికే చెల్లించి ఉంటే దాన్ని తిరిగి అప్పగించే హక్కు చట్టం ఇస్తుంది. వాయిదా, బీమా, పెట్రోలు కలిపి నెలకు నాలుగు వందల దాకా మిగులుతుంది. (క్లినికల్ సంవత్సరాల్లో దూరపు ఆస్పత్రులకు పంపిస్తే అప్పుడు ఒక పాత చిన్న కారు చాలు.) నెలకు 950 చొప్పున కూడబెడితే ఇప్పుడున్న 6,200తో కలిపి 13,800 అవుతుంది, ఫీజు, అత్యవసర నిధి పక్కన పెట్టాక మిగిలే 3,700తో మొదటి ఏడాది కొరత తీరిపోతుంది. హెచ్‌సీపీసీ రిజిస్ట్రేషన్ (మీ ల్యాబు ఉద్యోగానికి తప్పనిసరైన వృత్తి నమోదు) మాత్రం వదులుకోకండి. నెలకు ఒకటి రెండు వారాంతాల్లో మీ ల్యాబులోనే బ్యాంక్ షిఫ్టులు (అవసరమైనప్పుడు పిలిచే తాత్కాలిక డ్యూటీలు) చేస్తే తర్వాతి ఏళ్ల కొరతలో సగం దాకా అదే తీరుస్తుంది, ఏ అప్పు కంటే అది నయం.

మిగతా సగానికి నాన్నగారి స్థలం పనికివస్తుంది. కానీ ఈ సెప్టెంబరులోగా అమ్మాలన్న తొందర వద్దు, తొందరపడిన అమ్మకందారును కొనేవాడు ఇట్టే పసిగడతాడు. రెండో ఏడాది మొదలయ్యేలోపు నిదానంగా అమ్మితే చాలు. మూలధన లాభాల పన్ను, ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటి విదేశానికి పంపితే బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను (టీసీఎస్) గురించి గుంటూరులో ఆడిటరును ముందే అడగమనండి. స్థలం తాకట్టు పెట్టి అప్పు తెస్తానంటే మాత్రం వద్దనండి. అమ్మకం ఆలస్యమైతే లైఫ్‌టైమ్ ఐసా ఉంది. మీరు వేసిన 7,200కు ప్రభుత్వ బోనస్ కలిసి అది 9,000 అయిందనుకుంటే, ఇల్లు కొనకుండా ముందే తీస్తే పడే 25 శాతం కోత పోను 6,750 చేతికి వస్తుంది, అంటే మీ సొంత డబ్బులో పోయేది 450. నాకు ఇష్టం లేని దారే అయినా ఆ పర్సనల్ లోన్ వడ్డీ ముందు అది పదో వంతు.

అయిదేళ్ల కోర్సు మీకు తగదు. రెండో డిగ్రీ కాబట్టి మొదటి నాలుగేళ్లకు ట్యూషన్ ఫీజు లోన్ ఇవ్వరు, 2025-26 ఫీజు ప్రకారం చూసినా ఏటా 9,535 చొప్పున 38,140 పౌండ్లు చేతి నుంచి కట్టాలి. స్టూడెంట్ లోన్ పెరుగుతుందని మాత్రం భయపడకండి. పాత డిగ్రీ లోన్ ప్లాన్ 2, కొత్తది ప్లాన్ 5 అనే వేరువేరు చెల్లింపు పద్ధతుల కిందకు వచ్చినా రెండుసార్లు కోత ఉండదు, తక్కువ పరిమితి అయిన 25,000 పౌండ్లకు పైబడిన జీతంలో 9 శాతమే పోతుంది. 2025-26 రేటు ప్రకారం మొదటి ఏడాది డాక్టరు మూల వేతనం 38,831 పౌండ్ల మీద అది నెలకు సుమారు 104. జీతం లేని నెలల్లో అది మిమ్మల్ని ఒక్క పెన్నీ కూడా అడగదు.