మాంగా మొదలుపెడుతున్న మేనకోడలికి

చిరంజీవి చిన్నికి,

అత్త ఆశీస్సులు. డీమన్ స్లేయర్ వాళ్ల ‘ఇన్ఫినిటీ కాజిల్’ సినిమా తెలుగులో చూసొచ్చి, అందులో అకాజా అనే రాక్షసుడి చిన్నప్పటి కథ దగ్గర ఏడుపు ఆగలేదని రాశావు. ఇక మాంగా (జపాన్ బొమ్మల కథల పుస్తకాలు) కూడా చదవాలనుంది, ఏది చదవాలో ఏది వదిలేయాలో చెప్పమన్నావు. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదని కూర్చుని రాస్తున్నాను. ఇన్నేళ్లుగా చదువుతున్నదాన్ని, నా అభిప్రాయాలు కాస్త గట్టిగానే ఉంటాయి. నీకు నచ్చకపోతే నాతో వాదించు, సంతోషిస్తాను.

ముందుగా ఒక్క మాట. పూర్తయిపోయిన సిరీస్‌లతోనే మొదలుపెట్టు. నీ ఫ్రెండ్స్ ఈ వారం వచ్చిన చాప్టర్ గురించే మాట్లాడుకుంటారని తెలుసు, అయినా సరే. మాంగాలో బ్రహ్మాండంగా మొదలయ్యేవి లెక్కలేనన్ని ఉంటాయి. చివరిదాకా పట్టు సడలకుండా నడిచినవి తక్కువ. అలాంటివి ఓ నాలుగు చదివావంటే, ఆ తర్వాత ఏ కథ చేతికొచ్చినా అది ఎక్కడ నీరుగారిపోతోందో నీకే తెలిసిపోతుంది. నన్ను అడగాల్సిన పనుండదు.

ఇలా నీరుగారిపోవడానికి కారణం ఉంది. 1968లో మొదలైన షోనెన్ జంప్ పత్రికనే తీసుకో. వారం వారం వస్తుంది. ఒక్కో కథకి వారానికి దాదాపు 19 పేజీలు గీసి ఇవ్వాలి. పత్రికలోని కార్డు మీద పాఠకులు తమకు నచ్చిన కథలేవో రాసి పంపేవారు. ఓట్లు పడని కథను కొన్ని నెలల్లోనే ఆపేస్తారు. ఓట్లు బాగా పడితే ఆ కథను ముగించడమే కష్టం. డ్రాగన్ బాల్ 1984 నుంచి 1995 దాకా నడిచింది, 42 వాల్యూమ్‌లు. అది ముగిసే రోజుల్లో ఆ పత్రిక వారానికి 65 లక్షల కాపీలు దాటింది. మొదట్లో తోకున్న పిల్లాడి అల్లరి ప్రయాణం. పోనుపోను ఒకణ్ని మించిన బలవంతుడు ఇంకొకడు రావడం, వాణ్ని ఓడించడం, అదే వరస. నాకు మొదటి భాగమే ప్రాణం. దాని రచయిత తొరియామా గీసిన కొట్లాటలో ఎవరు ఎటునుంచి వచ్చి ఎక్కడ కొట్టారో ఒక్క చూపులో తెలుస్తుంది. ఆ తేటదనం ఇప్పటివాళ్లలో చాలామందికి లేదు.

నీకిష్టమైన డీమన్ స్లేయర్ సంగతి చెప్తాను. 23 వాల్యూమ్‌లు, 2016లో మొదలై 2020లో అయిపోయింది. అమ్మకాలు ఆకాశాన్నంటుతున్నప్పుడే దాన్ని గీసిన గోతోగే కథ ముగించేశారు. అందుకు ఆ మనిషి మీద నాకెంతో గౌరవం. పుస్తకం తెరవగానే నీకు కొంచెం నిరాశ కలగొచ్చు, తెర మీద చూసిన మెరుపులు అందులో ఉండవు. గీత మొరటుగా ఉంటుంది. కానీ నిన్ను ఏడిపించిన ఆ ఘట్టం, తండ్రి మందుల కోసం దొంగతనాలు చేసిన పిల్లాడి కథ, పుస్తకంలో కొన్ని పేజీల్లోనే అయిపోతుంది. ఎలాంటి సంగీతమూ లేకుండా అది ఎంత లోతుగా తగులుతుందో చూడు. సినిమా తర్వాత భాగం కోసం ఆగలేకపోతే చదివెయ్, తప్పేం లేదు.

నువ్వు మొదట చదవాల్సింది మాత్రం ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్. 2001 నుంచి 2010 దాకా, 27 వాల్యూమ్‌లు. ఇది నెలకోసారి వచ్చే పత్రికలో వచ్చింది, ఆ తీరిక కథలో కనిపిస్తుంది. మొదటి పుస్తకంలో వేసిన ముడి చివర్లో విప్పుతుంది, మధ్యలో సాగదీత అంటూ దొరకదు. చనిపోయిన తల్లిని బతికించబోయి ఒకడు కాలూ చెయ్యీ, రెండోవాడు ఒళ్లంతా పోగొట్టుకున్న అన్నదమ్ముల కథ. రాసిన అరకావా హిరోము హొక్కైడోలో పాడి రైతుల ఇంట పెరిగింది. అది తెలిస్తే కథ ఇంకా బాగా అర్థమవుతుంది. ఆ పిల్లల్ని వాళ్ల గురువు ఒక దీవిలో నెల్లాళ్లు వదిలేసి వెళ్లిపోయే ఘట్టముంది. ఆకలికి పేగులు మాడిపోతుంటాయి, వేటాడదామంటే చంపడానికి చెయ్యి రాదు. తామూ ఆ గడ్డిలో, ఆ జంతువుల్లో, ఆ మట్టిలో ఒక భాగమని అక్కడ వాళ్లకి అర్థమవుతుంది. పశువుల మధ్య పెరిగినవాళ్లే ఆ పేజీలు అలా రాయగలరు.

అది నచ్చితే ఆవిడదే సిల్వర్ స్పూన్ చదువు, 15 వాల్యూమ్‌లు. మార్కుల ఒత్తిడి తట్టుకోలేక ఇంటికి దూరంగా వ్యవసాయ హైస్కూల్లో చేరిన హచికెన్ కథ. వాడు ఒక బక్క పందిపిల్ల మీద మమకారం పెంచుకుంటాడు. అది మాంసానికే పెరుగుతోందని మొదటినుంచీ వాడికి తెలుసు. పేరు పెట్టొద్దని అందరూ చెప్పినా వినకుండా, పంది మాంసం వేసిన అన్నం పేరే దానికి పెడతాడు. తీరా దాన్ని పంపించేశాక, వేసవి సెలవుల్లో కష్టపడి సంపాదించిన డబ్బుతో ఆ మాంసమంతా తనే కొని వండుతాడు. అరకావా ఎక్కడా ఇది తప్పనీ చెప్పదు, ఒప్పనీ చెప్పదు. మార్కులు తగ్గాయని కుంగిపోయే పిల్లలెవరైనా చదవాల్సిన పుస్తకం ఇది, నువ్వు తప్పకుండా చదువు.

ఇక స్లామ్ డంక్. బాస్కెట్‌బాల్ అంటే నీకు ఆసక్తి లేదని నాకు తెలుసు, నాకూ లేదు. అయినా 31 వాల్యూమ్‌లు నిద్ర మానుకుని చదివాను. సకురాగి అనే రౌడీ కుర్రాడు ఒకమ్మాయి కోసం టీమ్‌లో చేరతాడు, ఆటలో ఓనమాలు కూడా రావు. ఒక దశలో కోచ్ వాడి చేత 20,000 షాట్లు వేయిస్తాడు. కుడిచేత్తో విసరాలి, ఎడమచెయ్యి ఊరికే ఆనించాలి, అంతే. ఆ పాఠమే చివరి పుస్తకంలో అక్కరకొస్తుంది. ఆఖరి మ్యాచ్ ఆఖరి క్షణాలు దాదాపు మాటలే లేకుండా గీశాడు దీని రచయిత ఇనౌవే. షూ, బంతి, చెమట పట్టిన మొహం, గడియారం. ఒక పేజీలో ప్యానెళ్లు, అంటే బొమ్మల గళ్లు, సన్నగా, దగ్గరదగ్గరగా ఉంటాయి, చూపు పరుగెడుతుంది. పేజీ తిప్పగానే రెండు పేజీలూ కలిపి ఒకే బొమ్మ, ఊపిరి ఆగిపోతుంది. మాంగాలో కాలాన్ని ప్యానెల్ సైజుతో నడిపిస్తారు. ఇది ఒక్కసారి గమనించావంటే నీ చదివే పద్ధతే మారిపోతుంది. మాటలు చదివేసి పేజీలు తిప్పేయకు. బొమ్మ ముందు ఆగు.

బైపీసీ చదువుతున్నావు కాబట్టి నీ కోసమే అన్నట్టుండేది మాన్‌స్టర్, 18 వాల్యూమ్‌లు. జర్మనీలో పనిచేసే జపాన్ సర్జన్ టెన్మా. ముందొచ్చిన టర్కీ కూలీని వదిలేసి పేరున్న గాయకుడికి ఆపరేషన్ చేయమంటే చేస్తాడు. ఆ కూలీ చనిపోతాడు, అతని భార్య ఆసుపత్రిలోనే టెన్మాని పట్టుకుని నిలదీస్తుంది. అందుకే ఇంకోసారి మేయర్‌ని కాదని, ముందొచ్చిన పిల్లాణ్ని బతికిస్తాడు. ఆ పిల్లాడు పెద్దయ్యాక హంతకుడని తెలిస్తే ఆ డాక్టర్ ఏం చెయ్యాలి? దాన్ని రాసిన ఉరసావా ఈ ప్రశ్నను ఆఖరిదాకా వదలడు. కాకపోతే నీట్ అయ్యాక పట్టుకో, మొదలుపెడితే పుస్తకం కింద పెట్టలేవు. డెత్ నోట్ కూడా అదే బాపతు. 12 వాల్యూమ్‌లే, మొదటి 7 గుక్క తిప్పుకోనివ్వవు. ఆ తర్వాత వచ్చే పాత్రలు అంత బరువు మొయ్యలేకపోయాయని నా ఉద్దేశం.

నరుటో 72 వాల్యూమ్‌లు. మొదట్లో జబుజా, హకు అనేవాళ్లతో వంతెన దగ్గర జరిగే కథ వరకూ చదివితే మంచి మాంగా అంటే ఏంటో తెలుస్తుంది. చివర్లో యుద్ధం మరీ సాగింది. వన్ పీస్ 1997 నుంచి ఇంకా నడుస్తూనే ఉంది, నూరు వాల్యూమ్‌లు ఎప్పుడో దాటింది. అందులో నామి అనే అమ్మాయి సొంత ఊరి కథ ఒక్కటి చాలు, దాన్ని గీసే ఓడా ఎంత గొప్పవాడో చెప్పడానికి. ఇప్పుడొచ్చే చాప్టర్లలో ప్యానెళ్లు మరీ కిక్కిరిసి ఉంటున్నాయి, ఎటు చూడాలో తెలియక నాకు చదవడమే కష్టంగా ఉంది. దాన్ని తర్వాతెప్పుడైనా ఒక పెద్ద సెలవులకు దాచుకో. వాగబాండ్ బొమ్మలు కుంచెతో వేసినవి, చూస్తే కళ్లు చెదురుతాయి, కానీ 2015 నుంచి ఆగిపోయి ఉంది. బెర్సర్క్ మాత్రం ఇప్పుడు వద్దే వద్దు. గొప్ప పని, కాదనను. అందులో ఆడవాళ్ల మీద జరిగే హింస చూడ్డానికి ఇంకొన్నేళ్లు ఆగాలి. దాన్ని గీసిన మియురా 2021లో 54 ఏళ్లకే పోయారు, ఇప్పుడు ఆయన స్నేహితుడు మోరి కథ చెబుతుంటే శిష్యులు గీస్తున్నారు.

నీ ఫ్రెండ్స్ ఎవరూ చెప్పని రెండు పేర్లు చెప్తాను. ఒకటి బేర్‌ఫుట్ జెన్. హిరోషిమా మీద బాంబు పడ్డప్పుడు దాన్ని గీసిన నకజావాకి 6 ఏళ్లు. తండ్రినీ అక్కనీ తమ్ముణ్నీ పోగొట్టుకున్నాడు. 1973లో ఆ కథ మొదలైంది కూడా పైన చెప్పిన జంప్‌లోనే. పిల్లల పత్రికలో అది వచ్చిందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. రెండోది తెజుకా గీసిన బుద్ధ. మన దేశంలో హార్పర్‌కాలిన్స్ వాళ్లు 8 పుస్తకాలుగా వేశారు. అమరావతి, నాగార్జునకొండ చూసిన పిల్లవి, ఆ శిల్పాల్లోని బుద్ధుణ్నే ఆశిస్తావు. తెజుకా మాత్రం మొదటి పుస్తకమంతా దాదాపు చప్రా అనే బానిస కుర్రాడు, తత్తా అనే చండాల పిల్లాడి చుట్టూ తిప్పుతాడు, ఇద్దరూ ఆయన కల్పించినవాళ్లే. కులం గురించి అంత కోపంగా రాసినవాడు జపాన్‌లో కూర్చుని రాశాడంటే నమ్మబుద్ధి కాదు.

చదివే పద్ధతి: కుడి నుంచి ఎడమకి. పేజీలో కుడివైపు పై మూల మొదలు, మాటల బుడగలూ అంతే. మొదటి పుస్తకం సగానికి అలవాటైపోతుంది. ఫోన్‌లో చదివితే రెండు పేజీల బొమ్మలు ముక్కలైపోతాయి, కాబట్టి వీలైతే పుస్తకమే కొను. లేదంటే ట్యాబ్ అడ్డంగా పట్టుకో. మాంగా ప్లస్ యాప్‌లో చాలా సిరీస్‌ల మొదటి 3 చాప్టర్లు ఉచితం, నచ్చుతుందో లేదో తెలుసుకోవడానికి అది చాలు. దొంగ సైట్లలో చదవకు తల్లీ. రాత్రింబవళ్లు గీసి ఆరోగ్యం పాడుచేసుకునేవాళ్ల సొమ్ము అది. ఆబిడ్స్ ఆదివారం సంతలో పాత వాల్యూమ్‌లు అప్పుడప్పుడు తగులుతుంటాయి, మీ నాన్నని వెంటపెట్టుకుని వెళ్లు.

ఇంత వయసొచ్చి బొమ్మల పుస్తకాలేంటని వదిన టెన్షన్ పడుతోందట. నేను మాట్లాడతాను, నువ్వు ఎదురు చెప్పకు. సిల్వర్ స్పూన్ మొదటి పుస్తకం ఆవిడ చేతికే ఇవ్వు. పరీక్షల నెలలో మాత్రం ఏదీ ముట్టుకోనని ఆవిడకి మాటివ్వు, ఇచ్చాక నిలబెట్టుకో.

ఫుల్‌మెటల్ మొదటి 3 వాల్యూమ్‌లు కొరియర్‌లో వేస్తున్నాను. రెండో పుస్తకంలో నీనా అనే చిన్నపిల్ల వస్తుంది. అది చదివిన రోజు నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా ఫర్వాలేదు.

ప్రేమతో,
మీ అత్త