చూడి బర్రెకు డెక్సా సూది

ప్రశ్న: మా ముర్రా బర్రె తొమ్మిదో నెల చూడి. జ్వరమొచ్చి రెండు రోజులు మేత ముట్టలేదు. ఊళ్లో సూదులేసే ఆయన డెక్సా ఇచ్చిండు. సాయంత్రానికే మేసింది, నెమరేసింది. రెండో నాడు రాత్రి ఈచుకపోయింది. మాయ ఇంకా పడలేదు. సూదితోనే ఇట్లయిందా?
– ఒక పాడి రైతు, దేవరకొండ, నల్లగొండ జిల్లా

జవాబు: ముందు మాయ సంగతి చూడండి. చేత్తో లాగొద్దు, రాయి కట్టి వేలాడదీయొద్దు. గర్భసంచికి గాయమై రక్తం పోతుంది. ఈ రోజే పశువైద్యుణ్ని పిలిపించండి, లేదా పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయండి.

సూది పడిన ఒకటి నుంచి మూడు రోజుల్లో ఈచుకుపోవడం (నెలలు నిండకముందే దూడ పడిపోవడం) డెక్సామెథాసోన్, అంటే డెక్సా తీరుకు సరిపోతోంది. నెలలు నిండినప్పుడు కడుపులోని దూడ ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ పెరుగుతుంది. ఇక ఈనమని తల్లికి అందే కబురు అదే. డెక్సా దాన్ని పోలిన మందు, దానికన్నా సుమారు 25 రెట్లు బలమైనది. నెలలు నిండకముందే ఆ కబురు అందితే ఈత మొదలవుతుంది. ఇలా ఈనిన వాటిలో మాయ నిలిచిపోవడమూ ఎక్కువే.

మేత మేసింది కదా అంటారు. తగ్గింది జ్వరం, వాపు మాత్రమే. లోపలి క్రిమి అలాగే ఉంటుంది, పైగా దాన్ని ఎదుర్కొనే శక్తిని ఈ మందు అణచేస్తుంది. నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే. క్రిమితో వచ్చే గొంతువాపు జబ్బు సోకిన పశువుకు ఆ క్రిమిని చంపే మందు పడకుండా డెక్సా ఒక్కటే పడితే, తేరుకుందనుకున్న ఆ పూటే చేజారిపోవచ్చు.

అలాగని మందును తిట్టలేం. ఈనిన పశువుకు కీటోసిస్ (రక్తంలో చక్కెర పడిపోయే జబ్బు) వస్తే ఆ చక్కెర పెంచడానికి, తీవ్రమైన అలర్జీకి పశువైద్యులం మేమూ వాడతాం. 2020లో ఆక్సిజన్ మీదున్న కోవిడ్ రోగులను ఎందరినో కాపాడింది ఇదే. ఆక్సిజన్ అక్కర్లేని వారికి మాత్రం మేలు చేయలేదు.

తప్పంతా సూదిదేనని ఇప్పుడే తేల్చకండి. చివరి నెలల్లో ఈచుకుపోతే బ్రూసెల్లోసిస్ అనే క్రిమి జబ్బునూ అనుమానించాలి. అది మనుషులకూ అంటుతుంది. దూడను, మాయను వట్టి చేతులతో ముట్టొద్దు, కుక్కలకు వేయొద్దు. సున్నం చల్లి లోతుగా పూడ్చండి. ఇంట్లో గర్భిణులుంటే కొట్టం వైపు రానీయకండి. పాలు బాగా కాచే తాగండి. బర్రెకు రక్త పరీక్ష చేయించండి. కొట్టంలో 4 నుంచి 8 నెలల పెయ్యదూడలుంటే బ్రూసెల్లా టీకా ఒక్కసారి వేయిస్తే చాలు.

ఆ రోజు వాడిన సీసా దొరికితే దాచి డాక్టరుకు చూపించండి. ఏ మందు, ఎంత మోతాదు పడిందో తెలిస్తే ఇప్పటి వైద్యానికి పనికొస్తుంది.