మీ తోడికోడలు నిద్రపోయే వేళల్లోనే మీరెందుకు చదువుతున్నారు?

తెనాలి నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. బాగా కుదించి ఇస్తున్నాను.

"నాకు 38 ఏళ్లు. ప్రభుత్వరంగ బ్యాంకులో క్లర్కుగా చేస్తున్నాను. మావారిది ఎరువుల కంపెనీలో ఉద్యోగం, వారానికి నాలుగు రోజులు క్యాంపులే. పాప ఎనిమిదో తరగతి, బాబు నాలుగు. మేం పై వాటాలో ఉంటాం. కింద వాటాలో మా బావగారు, అక్క (మా తోడికోడలు), అత్తయ్యగారు ఉంటారు. నేను జేఏఐఐబీ (బ్యాంకు ఉద్యోగులు రాసే పరీక్ష) రాస్తున్నాను. పోయినసారి రెండు పేపర్లు పోయాయి. ఒకదాంట్లో 46, ఇంకోదాంట్లో 43. రాత్రి పదకొండు నుంచి ఒంటిగంట దాకా చదివి, మళ్లీ నాలుగున్నరకు లేస్తాను. ఇది నాకు అలవాటైపోయింది. కానీ చదివింది గుర్తుండటం లేదు. పోయిన నెల క్యాష్ కౌంటర్‌లో ఒకరికి 5,000 ఎక్కువ ఇచ్చేసి, చేతి డబ్బు కట్టాను. ఆదివారం మధ్యాహ్నం కాసేపు నడుం వాలుస్తాను గానీ, అక్క చూస్తే బాగుండదని పాపను బాల్కనీలో కూర్చోబెడతాను. ‘అమ్మా, పెద్దమ్మ వస్తోంది’ అనగానే లేచి బట్టలు మడతపెడుతూ కూర్చుంటాను. అక్క పొద్దున్న ఐదున్నర నుంచి రాత్రి పదిన్నర దాకా ఒక్క నిమిషం కూర్చోదు. మోకాళ్లు నొప్పులున్నా సరే. ఇంటికి ఎవరొచ్చినా అత్తయ్యగారు ఆ మాటే చెబుతారు. పరీక్ష సంగతి కింద ఎవరికీ చెప్పలేదు, ఫెయిలైతే చులకనైపోతానని. నా ప్రశ్న ఒకటే. చదువుకు రాత్రి మంచిదా, తెల్లవారుజాము మంచిదా? జ్ఞాపకశక్తికి మంచి మాత్రలేమైనా ఉన్నాయా?"

మాత్రల సంగతి మరిచిపోండి. ఇక రాత్రా తెల్లవారుజామా అంటారా, ఒంటిగంటకు పడుకుని నాలుగున్నరకు లేచే మనిషికి ఏ వేళైనా ఒకటే. ఆ ప్రశ్న పక్కన పెట్టి అసలు విషయానికి వద్దాం.

మీరు పంపిన ఉత్తరం మూడు పేజీలు. అందులో మీవారికి దక్కింది రెండు వాక్యాలు. పరీక్షకు అర పేజీ. మిగిలిందంతా అక్కే. ఆవిడ ఎన్నింటికి లేస్తుంది, ఏం వండుతుంది, ఆవకాయ ఎన్ని కిలోలు పెట్టింది, ఆవిడ వాకిట్లో ముగ్గు ఎంత సేపు వేస్తుంది. ఇంత రాశారు కదా, ఆవిడ మిమ్మల్ని ఏమన్నదా అని వెతికితే నాకు దొరికింది ఒకే ఒక్క మాట. "నీకేంటమ్మా, ఏసీలో కూర్చుని వస్తావు." అది కూడా బాబు చంటివాడిగా ఉన్నప్పుడు అన్నదని మీరే రాశారు. అన్నేళ్ల కిందటి మాట ఇవాళ్టికీ మిమ్మల్ని మంచం మీంచి లేపుతోంది.

ఇప్పుడు మీ చదువు వేళలు మీరే ఒకసారి చూడండి. రాత్రి పదకొండు నుంచి ఒంటిగంట. తెల్లారుజామున నాలుగున్నర నుంచి ఐదున్నర. కింద వాటాలో లైటు ఆరేది పదిన్నరకు, వెలిగేది ఐదున్నరకు. అంటే అక్క పడుకున్నాక పుస్తకం తీస్తున్నారు, అక్క లేచేలోపు మూసేస్తున్నారు. ఇది చదువు కోసం వేసుకున్న టైమ్ టేబులు కాదమ్మా. దాక్కోవడానికి వేసుకున్నది. సాయంత్రం ఏడున్నరకు పిల్లలు హోంవర్కు చేసుకుంటుంటే వాళ్ల పక్కనే మీరూ పుస్తకం పట్టుకుని కూర్చోవచ్చు. ఎందుకు కూర్చోరు? ఆ వేళకు అక్క కూరగిన్నె తీసుకుని పైకి వస్తుంది కాబట్టి. అదీ మీరే రాశారు.

"అలవాటైపోయింది" అన్న మాట దగ్గర మాత్రం మీతో గట్టిగా చెప్పాలి. అమెరికాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాళ్లు 2003లో ఒక పరిశోధన ప్రచురించారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లనే తీసుకుని, కొందరిని రోజుకు ఎనిమిది గంటలు, కొందరిని ఆరు, కొందరిని నాలుగు గంటలు చొప్పున రెండు వారాలు పడుకోనిచ్చారు. ఆరు గంటలు పడుకున్నవాళ్లు కూడా రోజురోజుకీ దిగజారి, చివరికి ఒకటి రెండు రాత్రులు అసలు నిద్రే పోనివాళ్లలా తప్పులు చేశారు. అసలు విశేషం అది కాదు. నిద్ర వస్తోందా అని అడిగితే, పెద్దగా లేదు, బాగానే ఉన్నామని చెప్పారు. తగ్గింది వాళ్లకే తెలియలేదు. ఆరు గంటల వాళ్ల సంగతే అది. మీది మూడున్నర గంటలు. మీ ఒంటికి అలవాటు కాలేదు, తెలియకుండా పోయింది అంతే. ఆ 5,000 అక్కడే పోయాయి.

పగలు చదివినదాన్ని మెదడు సర్దుకుని దాచుకునేది నిద్రలోనే. ఆ నిద్ర కోసేసి ఇంకో రెండు గంటలు చదవడమంటే, రుబ్బకుండానే రోట్లో ఇంకా ఇంకా పప్పు పోయడమే. అకౌంటింగ్ పేపర్లో 43 వచ్చిందంటే మీకు బుర్ర లేక కాదు. అదే బుర్రతో మిగతా రెండు పేపర్లు పాసయ్యారు కదా.

ఇక ఆ ఆదివారం కునుకు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు మధ్య మగత రావడం ఒంటి స్వభావం. భోజనం దాన్ని పెంచుతుందేమో గానీ, తినకపోయినా ఎంతో కొంత వస్తుంది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 1994లో ఒక నివేదిక ఇచ్చింది. దూర ప్రయాణాల విమానాల్లో పైలెట్లకు వంతులవారీగా, సీట్లోనే, 40 నిమిషాలు విశ్రాంతి ఇచ్చి చూశారు. సగటున 26 నిమిషాలు నిద్రపోయారు. అలా పడుకున్నవాళ్లు, పడుకోనివాళ్లకంటే విమానం దిగేవేళకు చురుగ్గా ఉన్నారు. వందలమందిని మోసుకెళ్లే పైలెట్ కునుకు తీస్తే అది భద్రత. బ్యాంకులో రోజంతా పరాయి డబ్బు లెక్కపెట్టే ఆడమనిషి కునుకు తీస్తే బద్ధకమా?

ఒక్క జాగ్రత్త. అరగంట దాటితే లేచాక మత్తుగా ఉంటుంది. ఇరవై, పాతిక నిమిషాలకు అలారం పెట్టుకోండి, అదీ మూడింటి లోపు. రాత్రి పదింటి కాఫీ మానేయండి. కాఫీ ప్రభావం చాలా గంటలు ఉంటుంది.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా బాధపెట్టింది మార్కులూ కాదు, డబ్బూ కాదు. ఆ బాల్కనీ. పదమూడేళ్ల పిల్లను కాపలా పెట్టి మరీ పడుకుంటున్నారు. ఆ పిల్లకు మీరు ఏం నేర్పుతున్నారో చూసుకున్నారా? ఆడవాళ్లు పడుకోవడం తప్పు, దొరికిపోతే పరువు తక్కువ, ఎవరైనా వస్తుంటే లేచి చేతిలోకి ఏదో ఒక పని తీసుకోవాలి. పాఠాలు ఏవీ అక్కర్లేకుండానే వచ్చేస్తోంది ఆ పిల్లకు. ఇంకో పదేళ్లకు తన ఇంట్లో తను ఇలాగే లేస్తుంది.

మన ఇళ్లలో ఆడది పగలు పడుకోవాలంటే తలనొప్పి రావాలి. లేదా జ్వరం. ఊరికే అలసిపోయి పడుకున్నాను అనే హక్కు లేదు. బొంబాయి మిల్లు కార్మికులకు ఆదివారం సెలవు కావాలని నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ల తరబడి పోరాడితే 1890లో దక్కింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, ఐదు గంటలకు మించి ఏకబిగిన పని చేయించకూడదని, మధ్యలో కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని రాసింది. మిల్లుకైతే యజమాని ఉంటాడు, అర్జీ పెట్టుకోవచ్చు, సమ్మె చేయవచ్చు. ఇంట్లో ఎవరికి పెట్టుకుంటాం?

అత్తయ్యగారికి పెట్టుకోలేరు. ఆవిడ "మా పెద్దకోడలు ఒక్క నిమిషం కూర్చోదు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పడం నాకు కొత్త కాదు. ఈ మాట వినని ఇల్లు మన దగ్గర లేదు. ఆ మెచ్చుకోలు, కూలి లేని పనికి ఇచ్చే కూలి. ఒక కోడలిని పొగిడితే ఇద్దరు కోడళ్లూ పని చేస్తారు. ఆవిడ కావాలని అంటోందని నేను అనను. ఆవిడకీ ఆవిడ అత్తగారు అలాగే చెప్పి ఉంటారు.

మీవారి గురించి కూడా ఒక మాట. ఆదివారం భోంచేసి ఆయన ఫ్యాను కింద రెండు గంటలు పడుకుంటారట. ఎవరూ బాల్కనీలో కూర్చోవడం లేదు కదా? 2019లో కేంద్ర ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వేలో, ఇంటిపనిలో పాలుపంచుకునే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు దానికి పెడుతున్నారని తేలింది. క్యాంపుల్లో అలసిపోతారు, నిజమే. ఊళ్లో ఉన్న మూడు రోజులూ రాత్రి గిన్నెలు, బాబు హోంవర్కు ఆయనవి. ఇది ఆయన్ని అడగనక్కర్లేదు, చెప్పండి చాలు. ఆయనతో మీకున్న ఇబ్బంది ఇంతకుమించి లేదు. మీ ఇబ్బంది అక్కతో.

అక్కతో అని ఎందుకంటున్నానో చెబుతాను. "నేను ఎప్పుడు కిందికి వెళ్లినా ఏదో ఒక పని చేస్తూనే ఉంటుంది" అని రాశారు. మీరు ఎప్పుడు వెళ్తారు? స్కూటీ ఆపి, గేటు తీసి, చెప్పులు విడిచి. లేదా పైనుంచి మెట్లు దిగి. ఆ చప్పుడు ఆవిడకు వినపడదా? మీకు పాప ఉంది కాపలాకి. ఆవిడకు మీ స్కూటీ హారన్ ఉంది. మోకాళ్లకు నూనె రాసుకుంటూ పప్పు ఏరుతుందని ఎంతో గొప్పగా రాశారు. మోకాళ్లు అంత నొప్పిగా ఉన్న మనిషి, కాళ్లు చాపుకుని ఊరికే కూర్చుని నూనె రాసుకోవచ్చు కదా. చిన్నకోడలు ఉద్యోగం చేసి జీతం తెస్తోంది, నేను కూర్చుంటే ఏమనుకుంటుందో అని ఆవిడకీ ఉండదా? ఆ "ఏసీలో కూర్చుని వస్తావు" అన్న మాటలో మీకు ఎత్తిపొడుపు వినపడింది. నాకు మాత్రం, బయటికి వెళ్లే దారి లేని ఒక మనిషి కడుపులో మాట వినపడింది. ఒకరికొకరు భయపడి ఇద్దరూ నడుములు విరగ్గొట్టుకుంటున్నారు. నా ఊహ తప్పయినా నష్టం లేదు, కింద చెప్పేవి ఎలాగూ చేయవలసినవే.

ఈ ఆదివారం పాపను ఆడుకోమని పంపించండి. మీరు పడుకోండి. అక్క వస్తే లేవకండి. "రా అక్కా, కాసేపు పడుకున్నాను" అనండి. తలనొప్పి అని మాత్రం చెప్పొద్దు. సాకు చెప్పారంటే మళ్లీ మొదటికి వచ్చినట్టే. ఆవిడ ఏమన్నా అననివ్వండి. ఒక మాట పడితే ప్రాణం పోదు. పడక పడక ఇన్నేళ్లు ఇలా బతికారు. మొదటివారం గుండె దడదడలాడుతుంది, నిద్ర పట్టకపోవచ్చు, అయినా పడుకునే ఉండండి.

రాత్రి పదిన్నరకు మంచం ఎక్కి ఐదున్నరకు లేవండి. అక్క లేచే వేళే, చూడండి ఎంత సౌకర్యమో. చదువు సాయంత్రం గంట, పిల్లలతో పాటు, హాల్లో, తలుపు తీసే ఉంచి. రెండో శనివారం, నాలుగో శనివారం సెలవే కదా, ఆ పూటలు లెక్కల పేపర్‌కి పెట్టుకోండి. మొత్తం చదివే గంటలు తగ్గుతాయి, మీరు కంగారు పడతారు. పడండి. పరీక్ష గట్టెక్కడానికి 50 కావాలి, మీకు 46 వచ్చింది మూడున్నర గంటల నిద్రతో. గట్టెక్కితే ఒక ఇంక్రిమెంటు వస్తుంది, పోతే ఇంకో అవకాశం ఉంటుంది. బ్యాంకుల్లో ఈ పరీక్ష రెండు మూడుసార్లు రాసినవాళ్లు మీ బ్రాంచిలోనే ఉంటారు, అడగండి.

వచ్చే రెండో శనివారం మాత్రం చదవొద్దు. పొద్దున్నే అక్కను బండెక్కించుకుని ఎముకల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, ఆ మోకాళ్లు చూపించండి. "వద్దమ్మా, పని ఉంది" అంటుంది. అత్తయ్యగారికి ఆ పూట వంట మీవారు చూసుకుంటారని చెప్పండి, ఆయనకి కూడా చెప్పండి. అక్కడే మీరూ రక్తపరీక్ష చేయించుకోండి, హిమోగ్లోబిన్, థైరాయిడ్ రెండూ. ఆస్పత్రిలో ఎలాగూ టోకెన్ తీసుకుని గంటో గంటన్నరో బెంచీ మీద కూర్చోవాలి. ఏరడానికి పప్పు ఉండదు, మడతపెట్టడానికి బట్టలుండవు. పరీక్ష రాస్తున్న సంగతి, రెండు పేపర్లు పోయిన సంగతి ఆవిడకు అక్కడ చెప్పండి.