గ్రామర్ స్కూల్ పరీక్ష: ఇంగ్లండ్‌లో రీడింగ్ అనే ఊళ్లో ఉన్న తమ్ముడికి స్లవ్ ఊరి నుంచి అక్క

తమ్ముడూ,

నిన్న రాత్రి నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. పాపకి గ్రామర్ స్కూల్ పరీక్ష గురించి ఆరు నిమిషాల్లో పదకొండు ప్రశ్నలు! ఫోన్లో చెప్తే సగం నువ్వు మర్చిపోతావు, సగం నేను చెప్పడం మర్చిపోతాను. అందుకే కూర్చుని రాస్తున్నా. మరదల్ని కూడా చదవమను. ఈ పనిలో సగానికి పైగా ఆమె మీదే పడుతుందని నాకు తెలుసు.

ముందు అమ్మ సందేహం తీర్చెయ్. "గ్రామర్ స్కూలంటే వ్యాకరణం నేర్పే బడా?" అని మా పెద్దోడప్పుడూ అడిగింది. పూర్వం లాటిన్ వ్యాకరణం నేర్పిన బళ్లు, ఆ పేరు అలా మిగిలిపోయింది. ఇప్పుడైతే పరీక్ష పెట్టి పిల్లల్ని తీసుకునే సర్కారు బడి అని అర్థం. ఫీజు లేదు. ఇంగ్లండ్ మొత్తానికి 163 ఉన్నాయి. స్కాట్లండ్‌లో, వేల్స్‌లో ఒక్కటీ లేదు. 1965 తర్వాత చాలా జిల్లాలు ఈ పద్ధతిని ఎత్తేశాయి. కెంట్, బకింగ్‌హామ్‌షైర్, లింకన్‌షైర్ అట్టే పెట్టుకున్నాయి. మీ రీడింగ్, మా స్లవ్, సట్టన్, బర్మింగ్‌హామ్ లాంటి చోట్ల కొన్ని మిగిలాయి. 1998లో వచ్చిన చట్టంతో కొత్తవి పెట్టే వీలు పోయింది. అడిగేవాళ్లేమో ఏటేటా పెరుగుతున్నారు. ప్రైవేట్ బడి ఫీజుల మీద 2025 జనవరి నుంచి 20 శాతం వ్యాట్ పడ్డాక ఇంకొంతమంది ఇటువైపు చూస్తున్నారు.

నీకు గుర్తుండదు, నువ్వప్పుడు చంకలో పిల్లాడివి. నేను ఐదో తరగతిలో నవోదయ పరీక్ష రాశాను. నాన్న తెల్లారుజామున బస్సెక్కించి తీసుకెళ్లారు. అమ్మ పులిహోర కట్టిచ్చింది. ఆ పేపర్లో వరసగా బొమ్మలు ఇచ్చి తర్వాతది ఏదో చెప్పమన్నారు. అలాంటి ప్రశ్న అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. ఇది డ్రాయింగ్ పరీక్షేమో అనుకుని కాసేపు అలాగే చూస్తూ కూర్చున్నా. సీటు రాలేదు. జిల్లా పరిషత్ హైస్కూల్లోనే చదివాను. చాలా ఏళ్ల తర్వాత మా పెద్దోడి కోసం ఇక్కడ నాన్ వెర్బల్ రీజనింగ్ పుస్తకం కొని తెరిస్తే, మళ్లీ అవే బొమ్మలు! నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. ముందు ఒక్కసారి ఎవరైనా చూపించి ఉంటే చాలు కదా అనిపించింది.

కాబట్టి ప్రిపరేషన్ అక్కర్లేదని నేను అనను. అదేదో తప్పు పనిలా మాట్లాడే తెల్ల ఫ్రెండ్స్ నీకూ తగులుతారు. వాళ్లలో సగం మంది ట్యూటర్‌ని పెట్టుకుని పైకి చెప్పరు. పిల్లకి ఆ ప్రశ్నల తీరు తెలియాలి, టైం అలవాటు కావాలి. ఎంత, ఎప్పటి నుంచి అన్న దగ్గరే మనవాళ్లు గాడి తప్పుతారు.

మేనకోడలు ఇప్పుడు నాలుగో ఇయర్‌లో, అంటే ఇక్కడి నాలుగో తరగతిలో ఉంది. పరీక్ష ఆరో ఇయర్ మొదట్లో, సెప్టెంబరులో. ఇంకా ఏడాదిన్నర ఉంది. ఈ ఏడాది చెయ్యాల్సింది ఒక్కటే, చదివించు. రోజూ అరగంట కథల పుస్తకం. లైబ్రరీ కార్డు తీసుకో, డబ్బు కట్టక్కర్లేదు. మన పిల్లలకి లెక్కలు ఎలాగోలా వస్తాయి. దెబ్బ తగిలేది ఇంగ్లీషు మాటల దగ్గర. ఇంట్లో తెలుగు మాట్లాడటం వల్ల కాదు, దయచేసి ఆ నెపంతో తెలుగు మానిపించకు. మనం మాట్లాడే ఇంగ్లీషు ఆఫీసు ఇంగ్లీషు. డెడ్‌లైన్, మీటింగ్, టికెట్ తప్ప మన నోట్లోంచి ఏం రావు. పరీక్షలో వచ్చే మాటలు పాత కథల్లో, వర్ణనల్లో ఉంటాయి. వాటిని లిస్టుగా బట్టీ పట్టిస్తే రెండు వారాల్లో ఎగిరిపోతాయి. చదివేటప్పుడు తెలియని మాట దగ్గర ఆగి, "దీన్ని తెలుగులో ఏమంటారో చెప్పు నాన్నా" అని నిన్ను అడగనివ్వు. నువ్వూ ఇరుక్కుంటావు, ఇద్దరికీ గుర్తుంటుంది.

ఐదో ఇయర్ మొదలయ్యాక అసలు ప్రాక్టీస్. వారానికి నాలుగు రోజులు, రోజుకి అరగంట నుంచి ముప్పావు గంట చాలు. మా వీధిలో గంటకి యాభై పౌండ్లు తీసుకునే ట్యూటర్లు ఉన్నారు. మీ ఇద్దరిలో ఒకరు కుదురుగా కూర్చోగలిగితే అవసరం లేదు. అరవకుండా కూర్చోలేకపోతే మాత్రం ట్యూటర్‌కి ఇచ్చెయ్, ఆ డబ్బు దండగ కాదు. నాకు అరవకుండా రాలేదు, ఒప్పుకుంటున్నా.

మా పెద్దోడికి ఒక ప్రాక్టీస్ పేపర్లో 80కి 31 వచ్చాయి. అంతకుముందు వారం 66. నేను గొంతు చించుకున్నాను. మీ బావగారు మాట్లాడకుండా ఆ ఆన్సర్ షీట్ తీసుకుని డైనింగ్ టేబుల్ మీద పరిచారు. ఈ పరీక్షల్లో జవాబులు చాలా వరకు వేరే షీట్ మీద, చిన్న చిన్న గళ్లలో పెన్సిల్ గీత గీసి పెట్టాలి. దాన్ని మిషన్ చదువుతుంది. వాడు 23వ ప్రశ్న రాక వదిలేశాడు, కానీ షీట్ మీద 23వ గడి వదల్లేదు. అక్కణ్నుంచి చివరిదాకా ప్రతి జవాబూ ఒక వరస పైకి జరిగింది. బావగారు స్కేలు పెట్టి ఒక్కో వరస కిందికి జరిపి దిద్దితే 67. వాడు చొక్కా కాలర్ నోట్లో పెట్టుకుని నన్నే చూస్తున్నాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో రూలు: ప్రతి ఐదు ప్రశ్నలకోసారి పేపర్ నంబరు, షీట్ నంబరు సరిచూసుకోవాలి. రాని ప్రశ్నకి ఏదో ఒక గడి గీసెయ్యాలి, మన ఎంసెట్‌లో లాగే తప్పు జవాబుకి మార్కులు కొయ్యరు. ఈ రెండూ మీ పాపకి మొదటి పేపర్ నుంచే అలవాటు చెయ్.

ఇంకోటి. అట్టపెట్టె విప్పి పరిచినట్టు ఒక బొమ్మ ఇచ్చి, మడిస్తే ఏ ఘనం వస్తుందో చెప్పమంటారు. మావాడికి ఎంత చెప్పినా ఎక్కలేదు. చివరికి కార్న్‌ఫ్లేక్స్ డబ్బాలు కత్తిరించి, ఆరు ముఖాల మీద స్కెచ్ పెన్నుతో బొమ్మలేసి, మడిచి, విప్పి, మళ్లీ మడిచి చూపించాం. ఒక్క వారంలో వచ్చేసింది. పుస్తకం మీద పుస్తకం కొనేకంటే అదే నయం.

పాప ఆగస్టులో పుట్టిందని నీ భయం. ఇక్కడ స్కూల్ ఏడాది సెప్టెంబరు 1న మొదలవుతుంది కాబట్టి క్లాసులో అందరికంటే చిన్నది, నిజమే. అయితే ఈ పరీక్షలో మార్కుల్ని వయసుని బట్టి సర్దుతారు. సెప్టెంబరులో పుట్టిన పిల్లకీ, ఆగస్టులో పుట్టిన పిల్లకీ ఒకే మార్కులొస్తే మీ పాప స్కోరే కాస్త ఎక్కువ ఉంటుంది. ఆ సంగతి వదిలెయ్.

స్కోర్ల గురించి వాట్సాప్ గ్రూపుల్లో వచ్చేది నమ్మకు. మా స్లవ్‌లో అర్హత 111, పక్కనే ఉన్న బకింగ్‌హామ్‌షైర్‌లో 121. "అక్కడ పది మార్కులు ఎక్కువ కావాలట, చాలా టఫ్" అని ఒకాయన మొన్న పోస్టు పెట్టాడు. అవి వచ్చిన మార్కులు కావు, లెక్కగట్టి మార్చిన స్కోర్లు. కొలబద్దలే వేరు. సేర్లకీ కిలోలకీ పోటీ పెట్టినట్టుంది.

ఇక నువ్వు అడగనిది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. అర్హత స్కోరు వస్తే సీటు వచ్చినట్టు కాదు. స్లవ్‌లో లాంగ్లీ గ్రామర్, హెర్షల్, అప్టన్ కోర్ట్, సెయింట్ బెర్నార్డ్స్ అని నాలుగున్నాయి, నాలుగింటికీ ఒకటే పరీక్ష. అర్హత వచ్చినవాళ్లు సీట్ల కంటే ఎక్కువ మంది ఉంటారు. అప్పుడు ఎవరిని ముందు తీసుకోవాలన్నది ఒక్కో బడికి ఒక్కో రూలు. ఒకచోట ఇంటి దూరం, ఒకచోట చర్చి సర్టిఫికెట్, ఇంకోచోట స్కోరు ర్యాంకు. మీ ఊళ్లో అబ్బాయిలకి రీడింగ్ స్కూల్, అమ్మాయిలకి కెండ్రిక్. అంటే మీ పాపకి మీ ఊళ్లో ఉన్నది ఒక్క బడే. ప్రతి బడీ తన అడ్మిషన్ పాలసీని వెబ్‌సైట్లో పెడుతుంది. పది పేజీలుంటుంది. ఇల్లు కొనేముందు ఏజెంట్ మాట వినకుండా అది చదువు, ఏటా చదువు, రూలు మారొచ్చు. అద్దె ఇంటి అడ్రస్ చూపించి సీటు కొట్టేద్దామన్న ఆలోచన ఎవరైనా చెవిలో వేస్తే వెంటనే దులిపెయ్. కౌన్సిళ్లు, అంటే ఇక్కడి స్థానిక సర్కార్లు, తనిఖీ చేస్తాయి, ఇచ్చిన సీటు కూడా వెనక్కి తీసుకుంటాయి.

తేదీలు క్యాలెండర్లో ఇప్పుడే రాసుకో. పరీక్షకి రిజిస్ట్రేషన్ ఐదో ఇయర్ వేసవిలో, సాధారణంగా మే, జూన్ నెలల్లో. ఒక్కో చోట ఒక్కో గడువు. బకింగ్‌హామ్‌షైర్ సర్కారు ప్రైమరీల్లో చదివే అక్కడి పిల్లల పేర్లు వాటంతటవే చేరతాయి, మీలాంటి బయటివాళ్లు మాత్రం తామే నమోదు చేసుకోవాలి. ఫలితాలు అక్టోబరులో. ఏ బళ్లు కావాలో రాసి కౌన్సిల్‌కి ఇచ్చే ఫారం గడువు అక్టోబరు 31. సీటు ఏదో తెలిసేది మార్చి 1న. పరీక్ష రాయడం వేరు, ఫారంలో ఆ బడి పేరు రాయడం వేరు. మొదటిది చేసి రెండోది మర్చిపోయినవాళ్లు నాకు తెలుసు.

ఆ ఫారంలో కనీసం మూడు బళ్లు రాయొచ్చు, కౌన్సిల్‌ని బట్టి ఇంకా ఎక్కువ. నువ్వు ఏది మొదట పెట్టావో బడివాళ్లకి తెలియదు. నీకు అర్హత ఉన్నవాటిలో నీ లిస్టులో పైనున్నది ఇస్తారు. కాబట్టి ఎత్తుగడలేం వద్దు, నిజంగా ఇష్టమైన వరసలో రాయి. కానీ చివరి గడి ఖాళీగా వదలొద్దు, అక్కడ ఇంటి దగ్గరున్న కాంప్రహెన్సివ్, అంటే పరీక్ష లేకుండా తీసుకునే మామూలు సర్కారు బడి, ఒకటి పెట్టు. మాకు తెలిసినాయన ఒకరు అన్నీ గ్రామర్లే రాశారు. ఒక్కటీ రాలేదు. అప్పటికి దగ్గర బళ్లన్నీ నిండిపోయి, ఖాళీలున్న బడికి పంపారు. ఆ పిల్లాడు రెండు బస్సులు మారి వెళ్లేవాడు.

రిజల్ట్స్ పట్టికలు పంపి ఏది బెస్ట్ అని అడిగావు. గ్రామర్ స్కూళ్లు పైన ఉండటంలో వింతేముంది? ఏరి తెచ్చుకున్న గింజలు. 2018లో డరమ్ యూనివర్సిటీ పరిశోధకులు లక్షల మంది పిల్లల రికార్డులు చూసి, ఇంటి పరిస్థితి, ప్రైమరీ మార్కులు లెక్కలోకి తీసుకుంటే గ్రామర్ స్కూల్ వల్ల అదనంగా వచ్చేదేమీ పెద్దగా లేదని తేల్చారు. వాళ్లతో వాదించేవాళ్లూ ఉన్నారు. నా మట్టుకు, మా ఇద్దరు పిల్లల్ని చూశాక, అది నిజానికి దగ్గరగానే ఉందనిపిస్తుంది. పట్టికలో అటైన్‌మెంట్ 8 అన్నది పదకొండో ఇయర్ చివర రాసే జీసీఎస్‌ఈ పరీక్షల్లో ఎనిమిది సబ్జెక్టుల గ్రేడ్ల లెక్క. అది చూస్తే ఎలాంటి పిల్లలు చేరారో తెలుస్తుంది. ప్రోగ్రెస్ 8 అన్నది చేరినప్పటికీ వెళ్లేటప్పటికీ ఎంత పెరిగారన్న లెక్క. నువ్వు చూడాల్సింది అది. 2025, 2026 బ్యాచ్‌లకి మాత్రం అది కనబడదు, కోవిడ్ ఏళ్లలో వాళ్లకి ప్రైమరీ చివరి పరీక్షలు జరగలేదు. అంతకుముందు ఏళ్లవి చూడు. మీ ఇంటి దగ్గర కాంప్రహెన్సివ్‌వీ చూడు, ఆశ్చర్యపోతావు.

సీటు వచ్చాక ఏమవుతుందో ఎవరూ చెప్పరు. మా పెద్దోడు ప్రైమరీలో ఎప్పుడూ ఫస్టు. ఏడో ఇయర్‌లో మొదటి లెక్కల టెస్టులో క్లాసులో పంతొమ్మిదోవాడు. ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పకుండా మెట్ల మీద కూర్చున్నాడు. "నాకు తెలివి అయిపోయిందా అమ్మా?" అన్నాడు. ముప్పై మంది ఫస్టుల్ని ఒక గదిలో కూర్చోబెడితే ఒకడు ముప్పయ్యోవాడు అవ్వాలి కదా. అది వాడికి అర్థమవడానికి ఏడాది పట్టింది, నాకు ఇంకాస్త ఎక్కువ. ఎనిమిదో ఇయర్ దాకా ఏ ట్యూషనూ పెట్టకుండా ఊరుకోవడం నేను చేసిన మంచి పని. చేసిన చెడ్డ పని, ప్రతి టెస్టుకీ "పక్కవాడికెంత?" అని అడగడం.

చిన్నదానికి అర్హత నాలుగు మార్కుల్లో పోయింది. అక్టోబరులో ఆ ఈమెయిల్ వచ్చిన రోజు నేను బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చాను. చిన్నది మాత్రం వాళ్ల ఫ్రెండ్ కూడా అదే బడికని సంబరపడింది. నడిచి వెళ్లే కాంప్రహెన్సివ్‌లో ఐదేళ్లు చదివింది, నాటకాల్లో వేసింది, జీసీఎస్‌ఈలో మంచి గ్రేడ్లు తెచ్చుకుంది. ఇక్కడ చాలామందికి తెలియనిది, గ్రామర్ స్కూళ్లు పన్నెండో ఇయర్‌లో బయటి పిల్లల్ని మళ్లీ తీసుకుంటాయి. జీసీఎస్‌ఈ గ్రేడ్లు చూసి ఇస్తారు, 'ఎ-లెవెల్' అనే చివరి రెండేళ్ల చదువులో తీసుకునే సబ్జెక్టులో 7, 8 లాంటి గ్రేడ్లు (అన్నిటికంటే పైది 9) అడుగుతారు. మా చిన్నది అలా చేరింది. అన్న ఏడేళ్లు చదివిన బడిలో ఇది రెండేళ్లు చదివింది. అక్కడి టీచర్ల కంటే పాత బడి కెమిస్ట్రీ టీచరే బాగా చెప్పేదని ఇప్పటికీ అంటుంది.

వీసా గురించి భయపడకు. సర్కారు బడి సీటుకి పీఆర్ అక్కర్లేదు, నీతోపాటు డిపెండెంట్‌గా వచ్చిన పాపకి అందరితో సమానంగానే.

ఒక్కటి అడుగుతా, చెప్పు. పాపని అడిగావా? మీ వాయిస్ మెసేజ్‌లో వెనక నుంచి "నాన్నా, రేపు స్విమ్మింగ్ ఉందా?" అని దాని గొంతు వినబడింది, నువ్వు "ఉండమ్మా, అత్తతో మాట్లాడుతున్నా" అన్నావు. ఈ ఏడాదిన్నరలో స్విమ్మింగ్ మాత్రం మానిపించకు. మా పెద్దోడికి పరీక్ష కోసమని ఫుట్‌బాల్ మానిపించాం. వాడు మళ్లీ బంతి ముట్టుకోలేదు.

వచ్చే ఆదివారం ముగ్గురూ రండి. గోంగూర పచ్చడి చేశాను. పాపకి చెప్పు, కార్న్‌ఫ్లేక్స్ డబ్బాలు నాలుగు దాచి ఉంచానని, స్కెచ్ పెన్నులు తెచ్చుకోమని.

మీ అక్క