పీడియాట్రీషియన్ అనే మాట ఎలా వచ్చింది? పిల్లలకి వేరే డాక్టరు ఎందుకు?

గ్రీకులో 'పాయిస్' అంటే బిడ్డ, 'ఇయాట్రోస్' అంటే వైద్యుడు. ఆ రెండూ కలిసి పుట్టిన మాట ఇది. మన ఆయుర్వేదం కూడా తన ఎనిమిది అంగాల్లో ఒకదాన్ని కౌమారభృత్యం పేరుతో పిల్లలకే కేటాయించింది. పారిస్‌లో 1802లోనే పిల్లలకంటూ ఆసుపత్రి పెట్టారు. అందరికీ ఎప్పుడో అర్థమైన సంగతి మన ఇళ్ళలో మాత్రం ఇంకా తలకెక్కడం లేదు.

మా బాబుకి ఏడాది నిండిన కొత్తలో ఒక రాత్రి జ్వరం వచ్చింది. ఇంట్లో రెండు పారాసిటమాల్ సీసాలున్నాయి, ఒకటి చుక్కల మందు, ఇంకోటి సిరప్. "రెండూ ఒకటేగా వదినా, ఏదో ఒకటి అయిదు ఎం.ఎల్. పట్టెయ్" అంది మా ఆడపడుచు. నేను ససేమిరా అన్నాను. తెల్లారగానే సీసాలు రెండూ సంచిలో వేసుకుని చిన్నపిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళాం.

ఆవిడ ముందు వాడి చొక్కా విప్పించి బరువు చూశారు. పది కేజీలు. అది చీటీ మీద పైనే రాసుకున్నారు. తర్వాత సీసాలు పక్కపక్కన పెట్టి వాటి మీదున్న చీమతలకాయంత అక్షరాలు చూపించారు. చుక్కల మందులో ఒక్క ఎం.ఎల్.కే 100 మిల్లీగ్రాములు, సిరప్‌లో అయిదు ఎం.ఎల్.కి 250. "కేజీకి 15 చొప్పున వీడికి 150 చాలమ్మా. చుక్కల మందైతే ఒకటిన్నర, ఈ సిరప్ అయితే మూడు ఎం.ఎల్." అన్నారు. రాత్రి ఆ చుక్కల మందే అయిదు ఎం.ఎల్. పట్టి ఉంటే 500 పోయేది! పెద్దవాళ్ళు వేసుకునే మాత్ర అంత!

పిల్లల డాక్టరు ఎందుకంటే ఇందుకు. పెద్దవాళ్ళ మాత్ర సగం విరిస్తే పిల్లల మందు అయిపోదు. ఆస్పిరిన్ సంగతే చూడండి. వైరల్ జ్వరంలో పిల్లలకిస్తే రై సిండ్రోమ్ అని కాలేయాన్నీ మెదడునీ దెబ్బతీసే జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. అయినా "మా ఆయనకి తగ్గింది, బాబుకీ ముక్క వెయ్యి" అనేవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉంటారు.

ఇంకో బాధ. ఆ రోజు ఇంటికి రాగానే మా అత్తయ్యగారు "సూది వెయ్యలేదా? మరి ఫీజు ఎందుకు తీసుకుంది?" అన్నారు. సూది వేస్తేనే వైద్యం అనుకునే ఈ పిచ్చి ఎప్పుడు పోతుందో! అనవసరంగా సూది పొడవని డాక్టరు దొరికితే వదులుకోకండి.

పిల్లల్ని ఎవరికి చూపించినా బరువు చూసి చీటీ మీద రాశారో లేదో గమనించండి. రాయకపోతే మొహమాటపడకుండా అడగండి. మందు కొన్నాక ఎం.ఎల్.కి ఎంత ఉందో సీసా మీద చదవండి, కంపెనీ మారితే అదీ మారొచ్చు. మూడు నెలలు నిండని పసిబిడ్డకి జ్వరం వస్తే మాత్రం ఇంట్లో ఏ సీసా ముట్టుకోవద్దు, అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.