ఉగ్రదాడి మీద సభలో ప్రశ్న రాయడం గురించి మేనకోడలికి ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

ఎంపీ గారి దగ్గర సహాయకురాలిగా చేరావని అక్కయ్య చెప్పింది. చాలా సంతోషం. ఉగ్రవాద దాడుల విషయంలో ప్రభుత్వాన్ని నిలదీసే ప్రశ్నలు తయారు చేయమని ఆయన అడిగారనీ, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదనీ రాశావు. ఢిల్లీలో సభ్యుల వెంట ఉండి ఈ పని చేస్తూనే రిటైరయ్యాను కాబట్టి, నాకు తెలిసింది చెబుతాను.

దాడి జరిగిన వారంలో సభను చూసి పార్లమెంటు పని ఇదే అనుకోవద్దు. ఆ వారం దుఃఖానిది, కోపానిది. 2008 నవంబరులో ముంబైలో 166 మంది ప్రాణాలు పోయాక, డిసెంబర్ 11న లోక్‌సభ చర్చ జరిపి ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. దేశం ఒక్క గొంతుతో మాట్లాడాల్సిన సమయంలో అలా మాట్లాడటం అవసరమే. అప్పటికే కేంద్ర హోంమంత్రి శివరాజ్ పాటిల్ రాజీనామా చేశారు. మహారాష్ట్రలో ముఖ్యమంత్రి, ఉపముఖ్యమంత్రి కూడా పదవులు వదిలారు. జనం దృష్టిలో లెక్క తేలిపోయింది. కానీ ఆ తర్వాత ఏం జరిగిందో చూడు. డిసెంబర్ 16న జాతీయ దర్యాప్తు సంస్థ బిల్లు సభకు వచ్చింది. 17న లోక్‌సభ, 18న రాజ్యసభ ఆమోదించాయి. దాంతోపాటే చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టాన్నీ సవరించారు. అభియోగపత్రం లేకుండా నిందితుణ్ని 180 రోజుల వరకు నిర్బంధించే వీలు దాని వల్లే వచ్చింది, బెయిలు గగనమైంది. ఇంత బరువైన మార్పులు స్థాయీ సంఘం (బిల్లులను వివరంగా పరిశీలించే ఎంపీల సంఘం) గడప తొక్కకుండా మూడు రోజుల్లో దాటిపోయాయి. ఆ రోజుల ఆవేశం నాకు తెలుసు. అయినా అలా జరిగి ఉండకూడదనే ఇప్పటికీ అంటాను.

ఉగ్రవాద నిరోధక చట్టం పోటా సంగతి దీనికి పూర్తిగా భిన్నం. 2002 మార్చిలో లోక్‌సభ ఆమోదించిన ఆ బిల్లును రాజ్యసభ తిప్పికొట్టింది. మార్చి 26న ఉభయసభలూ కలిసి కూర్చుంటే, 425 మంది అనుకూలంగా, 296 మంది వ్యతిరేకంగా ఓటేశారు. 2004లో ఆ చట్టం రద్దయింది. దాని మంచిచెడ్డలు ఎలా ఉన్నా, ఎవరు దేనికి భయపడ్డారో, దుర్వినియోగం గురించి ఎవరు ముందే హెచ్చరించారో సభ రికార్డుల్లో ఉంది. తీరిక దొరికినప్పుడు ఆ ప్రసంగాలు చదువు.

ఇక నీ పని. కెమెరాలు వెళ్లిపోయిన తర్వాతే అది మొదలవుతుంది. నాలుగు నెలలకు, ఏడాదికి, మూడేళ్లకు అడిగే ప్రశ్నల్లోనే ప్రభుత్వం నిజంగా జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. దాడి జరిగిన వారంలో ఇచ్చిన హామీలన్నీ తేదీలతో సహా ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టుకో. మంత్రి ప్రకటన, ప్రధాని మాట, బడ్జెట్ కేటాయింపు, ఏదీ వదలవద్దు. ప్రశ్నలకు అంతకు మించిన ముడిసరుకు ఉండదు.

కొత్తవాళ్లు ఎక్కువగా రాసే ప్రశ్న, "ఉగ్రవాదాన్ని అరికట్టడానికి ప్రభుత్వం తీసుకుంటున్న చర్యలేమిటి?" దీనికి రెండు పేజీల జవాబు వస్తుంది, అందులో పనికొచ్చే వాక్యం ఒక్కటీ ఉండదు. ఇంకొందరు గూఢచారి వ్యవస్థ లోపలి వివరాలే అడిగేస్తారు. రహస్య స్వభావం ఉన్న విషయాలను నిబంధనలే అనుమతించవు, అడగడం దేశానికీ మంచిది కాదు. కోర్టు విచారణలో ఉన్న అంశాలూ అంతే. శత్రువుకు ఉపయోగపడనివి, ప్రభుత్వం దాచుకోవడానికి సాకు దొరకనివి అడగాలి. డబ్బు, ఉద్యోగాల ఖాళీలు, గడువులు, పనిచేయని పరికరాలు.

మీ ఎంపీ గారిది తీరప్రాంతం కాబట్టి ఒక ఉదాహరణ చెబుతాను. ముంబైకి వచ్చిన పదిమందీ సముద్రం మీదే వచ్చారు. గుజరాత్ మత్స్యకారుల పడవ 'కుబేర్'ను చేజిక్కించుకుని, అందులోని వాళ్లను చంపి మరీ వచ్చారు. ఆ తర్వాత తీరమంతా మెరైన్ పోలీసు స్టేషన్లు పెంచారు, పడవలు ఇచ్చారు, మత్స్యకారులకు గుర్తింపు కార్డులు ఇవ్వడం మొదలుపెట్టారు. ఇప్పుడు ప్రశ్న ఇలా రాయి: తీర భద్రత పథకం కింద ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చిన గస్తీ పడవలెన్ని, వాటిలో ఈ రోజు నడిచే స్థితిలో ఉన్నవెన్ని, మరమ్మతు కోసం ఒడ్డునే ఉన్నవెన్ని, ఎప్పటి నుంచి ఉన్నాయి, గత మూడేళ్లలో ఏటా ఇంధనానికి ఎంత ఖర్చయింది. చివరి ముక్క ముఖ్యం. ఇంధనం ఖర్చు తెలిస్తే, గస్తీ తిరిగిందో లేదో ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

హోంశాఖ నుంచి నీకు తరచుగా వచ్చే జవాబు ఇది: "రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం పోలీసు, శాంతిభద్రతలు రాష్ట్రాల పరిధిలోని అంశాలు." దానికి వెనక్కి తగ్గవద్దు. పడవలు ఇచ్చిన పథకం కేంద్రానిది, జాతీయ దర్యాప్తు సంస్థ, జాతీయ భద్రతా దళం (ఎన్‌ఎస్‌జీ), సరిహద్దు బలగాలు కేంద్రానివి. ప్రశ్నలోనే పథకం పేరు, ఏడాది వేస్తే ఆ తలుపు మూసుకోదు.

"సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం" అని రాస్తే నిరాశపడకు. ఆ మాటతో అది ప్రభుత్వ హామీ అవుతుంది. మూడు నెలల్లో నెరవేర్చాలి, నెరవేర్చారో లేదో చూడటానికి హామీల సంఘం ఉంది. ఆ సంఘానికి ఉత్తరం రాయించు. ఈ దారి వాడుకునే సభ్యులు చాలా తక్కువ.

పద్ధతి విషయాలు త్వరగా చెబుతాను. నోటీసు కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. లోక్‌సభలో హోంశాఖ వంతు సాధారణంగా మంగళవారం వస్తుంది. మంత్రి సభలోనే నోటితో జవాబు చెప్పే నక్షత్ర గుర్తు ప్రశ్నలు రోజుకు 20 మాత్రమే, అవి లాటరీలో తేలాలి. మీది వస్తే అనుబంధ ప్రశ్నలు ముందే రాసి ఆయన చేతికివ్వు. మంత్రి సమాధానం విని అక్కడికక్కడ అడగడం అందరికీ రాదు. నక్షత్రం లేని ప్రశ్నలకు రాతపూర్వక జవాబే వస్తుంది, అయితే అంకెలు రాబట్టడానికి అవే మేలు.

మన హైదరాబాద్ విషయం కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే నాకది మరుపు రాదు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో జంట పేలుళ్లు జరిగాయి. హెచ్చరికలు ముందే పంపామని కేంద్రం అంది, అవి మామూలుగా వచ్చే సాధారణ హెచ్చరికలేనని రాష్ట్రం అంది. హెచ్చరిక పంపినచోటికీ, అది అందుకుని కదలాల్సిన పోలీసు స్టేషన్‌కూ మధ్య ఏం జరిగిందన్నదే అక్కడ అడగాల్సిన ప్రశ్న. ఎవరి మీదా నింద వేయకుండానే దాన్ని అడగవచ్చు. ఆ కేసులో 2016లో ప్రత్యేక కోర్టు ఐదుగురికి మరణశిక్ష విధించింది, 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు దాన్ని సమర్థించింది. 2007 మక్కా మసీదు పేలుడు కేసు దీనికి భిన్నంగా ముగిసింది. మొదట పట్టుకున్న ముస్లిం యువకులు నిర్దోషులుగా బయటపడ్డారు. ఆ తర్వాత సీబీఐ వేరే నిందితులను తెచ్చింది, 2011లో కేసు జాతీయ దర్యాప్తు సంస్థ చేతికి వెళ్లింది, 2018లో విచారణ ఎదుర్కొన్న ఐదుగురూ నిర్దోషులయ్యారు. ప్రార్థనకు వెళ్లి చనిపోయినవాళ్ల కుటుంబాలకు ఇది ఎవరు చేశారో ఈ దేశం చెప్పలేకపోయింది. నగరం ఒకటే, దర్యాప్తు సంస్థ ఒకటే. ఒక కేసు ఎందుకు నిలిచింది, ఇంకొకటి ఎందుకు కూలింది, దాని నుంచి సంస్థ ఏం మార్చుకుంది అని సభలో అడగాలి. చనిపోయినవారి మతం చూసి అడగడం, మానడం చేసే సభ్యుడి ప్రశ్నకు విలువ ఉండదు. ఈ మాట ఎంపీ గారితో నువ్వు ధైర్యంగా అనాలి.

బాధితుల సాయం గురించీ ఏటా ఒక ప్రశ్న పెట్టించు. ఉగ్రదాడుల్లో మరణించిన పౌరుల కుటుంబాలకు కేంద్ర పథకం కింద 5 లక్షల రూపాయలు ఇవ్వాలి. ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎన్ని ఆగిపోయాయి, ఏ కాగితం లేక ఆగాయి అని అడుగు. పహల్గాంలో చనిపోయిన 26 మందిలో మన తెలుగువాళ్లూ ఉన్నారు.

మీ ఎంపీ గారు హోం వ్యవహారాల స్థాయీ సంఘంలోకి వెళ్లగలిగితే వెళ్లమని చెప్పు. టీవీలో కనిపించదు కానీ, అధికారులను ఎదురుగా కూర్చోబెట్టి అడిగే చోటు అదే. 2016లో పఠాన్‌కోట్ వైమానిక స్థావరం మీద దాడి జరిగాక ఆ సంఘం అక్కడికి వెళ్లి చూసింది, ముందే హెచ్చరిక ఉన్నా ఉగ్రవాదులు లోపలికి ఎలా రాగలిగారని గట్టిగా అడిగి నివేదిక ఇచ్చింది. పార్టీలకు అతీతంగా సభ్యులు సంతకం పెట్టిన కాగితాన్ని రాజకీయమని కొట్టిపారేయడం ప్రభుత్వానికి కుదరదు. కార్గిల్ యుద్ధం తర్వాత దాన్ని సమీక్షించిన సుబ్రహ్మణ్యం కమిటీ నివేదికను కొన్ని భాగాలు తీసేసైనా 2000లో సభ ముందు పెట్టారు. ముంబై దాడుల మీద అలాంటి విచారణ కేంద్ర స్థాయిలో జరగనేలేదు, రాష్ట్ర ప్రభుత్వం వేసిన ప్రధాన్ కమిటీ మహారాష్ట్ర వరకే చూసింది. దాని మీద ఇప్పటికీ ప్రశ్న వేయవచ్చు, ఆలస్యమైందని ఎవరైనా అంటే పట్టించుకోవద్దు.

గస్తీ పడవల ప్రశ్న చిత్తుప్రతి ఈ వారంలోనే రాసి పంపు. 150 పదాలు దాటనివ్వకు. చదివి, దిద్ది, మరునాడే తిప్పి పంపుతాను.

ఇట్లు
మామయ్య