హాస్యపాత్రలు, డబ్బింగు: నీ ఉత్తరానికి జవాబు

చిరంజీవికి ఆశీస్సులు.

హాస్యపాత్రలు వేయాలని ఉందనీ, దానితో పాటు డబ్బింగు, కార్టూన్లకు గొంతు ఇవ్వడం కూడా నేర్చుకుంటాననీ రాశావు. రెండూ కలిపి ఆలోచించడం తెలివైన పనే. వేషాలు రాని నెలల్లో గొంతు ఆదుకుంటుంది, గొంతు అలసిన రోజుల్లో వేషం ఆదుకుంటుంది. అయితే నలుగురిలో నువ్వు నోరు తెరిస్తే చాలు నవ్వులేనని ఉత్తరమంతా గర్వంగా రాసుకున్నావు చూడు, ముందు మాట్లాడవలసింది దాని గురించే.

స్నేహితులు నవ్వేది నువ్వు వాళ్లకు ముందే తెలుసు కాబట్టి. తెర ముందు కూర్చున్న ప్రేక్షకుడికి నువ్వెవరో తెలియదు, పైగా అక్కడ నడిచే కథ నీది కాదు. క్యారెక్టర్ ఆర్టిస్టుకు దక్కేది రెండు మూడు సన్నివేశాలు. ఆ కాస్త సమయంలో ‘నేను నవ్వించడానికి వచ్చాను’ అన్న భావం మొహంలో కనిపించిందంటే పని అక్కడితో చెడిపోయినట్టే. అప్పు ఇచ్చినవాడు ఇంటికి వస్తే తానే తలుపు తీసి, ‘ఆయన ఊళ్లో లేరండీ’ అని తన గురించే చెప్పే పాత్ర నీకు ఇచ్చారనుకో. ఆ మాట అంటూ ప్రేక్షకుల వైపు కన్ను గీటితే ఒక్క నవ్వు వస్తుంది, అదీ పలచగా. అదే, ఆ ‘ఆయన’ ఎప్పుడు వస్తాడో తెలియక నిజంగా బాధపడిపోతూ, వచ్చినవాడికి కుర్చీ వేసి, ‘ఇలాంటి మనిషికి అప్పు ఎందుకిచ్చారు’ అని జాలిగా మందలిస్తే సన్నివేశం చివరిదాకా నవ్వు ఆగదు. పాత్రకు తన కష్టం కష్టంగానే ఉండాలి. అది నవ్వులాటగా కనిపించవలసింది చూసేవాళ్లకే.

సెట్‌లో ఎవరూ నవ్వరన్న సంగతి కూడా గుర్తుపెట్టుకో. అక్కడ శబ్దం రికార్డవుతూ ఉంటుంది కాబట్టి నవ్వు వచ్చినా అందరూ బిగబట్టుకుని నిలబడతారు. నాటకం నుంచి వచ్చినవాళ్లు ఆ నిశ్శబ్దానికి కంగారుపడి, తరువాతి టేకులో చేతులూ కనుబొమలూ పెంచేస్తారు. పెంచవద్దు. మొదటి టేకులో ఏ మాట దగ్గర తల తిప్పావో ప్రతి టేకులోనూ అక్కడే తిప్పు, లేకపోతే ఎడిటర్‌కు ఒక ముక్కకూ మరో ముక్కకూ అతుకు కుదరక నీ షాటే ఎగిరిపోతుంది. కొత్త మాట కలపాలనిపిస్తే రిహార్సల్‌లోనే దర్శకుడికి వినిపించు. అన్నిటికంటే ముఖ్యంగా, ఎదుటివాడు మాట్లాడుతున్నప్పుడు నిజంగా విను. హాస్యనటుడి ఖాతాలో పడే నవ్వుల్లో చాలావాటికి అతని నోట డైలాగే ఉండదు.

ఇక గొంతు సంగతి. పోర్కీ పిగ్ అనే కార్టూన్ పంది 1935లో తెరకెక్కినప్పుడు దానికి గొంతిచ్చిన జో డోహర్టీకి నిజంగానే నత్తి ఉండేది. అది ఆయన అదుపులో ఉండేది కాదు, రికార్డింగు సాగిపోయేది. 1937లో ఆ పాత్ర మెల్ బ్లాంక్ అనే గాత్ర నటుడి చేతికి వచ్చింది. ఆయనది తెచ్చిపెట్టుకున్న నత్తి కనుక ఎక్కడ తడబడాలో, ఎక్కడ విసుగెత్తి ఆ మాటే వదిలేసి వేరే మాట అందుకోవాలో తాళం తప్పకుండా చేయగలిగాడు. వింత గొంతులు చాలామంది చేస్తారు. ఆ గొంతుతోనే గంటసేపు మాట్లాడి, ఏడ్చి, కోప్పడి, మర్నాడు వచ్చి సరిగ్గా అదే శ్రుతిలో మళ్లీ మొదలుపెట్టగలిగితేనే స్టూడియో వాళ్లు నిన్ను రెండోసారి పిలుస్తారు.

డబ్బింగు, కార్టూను ఒకటే పని అనుకోకు. కార్టూన్‌కు మామూలుగా ముందు గొంతు రికార్డు చేసి, దాన్నిబట్టి బొమ్మ పెదవులు కదిలిస్తారు, కాబట్టి సాగదీతా విరుపూ నీ ఇష్టం. డబ్బింగులో సినిమా ముందే తీసి ఉంటుంది, తెర మీది నటుడి ఊపిరికి నువ్వు లొంగి ఉండాలి. పరాయి భాషా నటుడి పెదవులు ఎక్కడ మూసుకుంటున్నాయో చూసుకో; ప, బ, మ లాంటి అక్షరాలు ఆ చోట పడితే ప్రేక్షకుడు మిగతా తేడాలన్నీ క్షమిస్తాడు. అక్కడ ‘వెళ్తాను’ అని రాసి ఉంటే ‘పోతాను’ అనవచ్చా అని మాటల రచయితను అడుగు, అది తప్పు కాదు. మైకుకు జానెడు దూరంలో, మూతి కాస్త పక్కకు పెట్టి నిలబడితే ‘ప’, ‘భ’ దగ్గర గాలి కొట్టదు. గలగలలాడే బట్టలూ ఖాళీ కడుపూ రెండూ మైకులో వినిపిస్తాయి. అరుపులూ కేకలూ ఉన్న ముక్కలను చివరికి ఉంచమని మర్యాదగా అడుగు. గొంతు బొంగురుపోయిన రోజున గుసగుసగా మాట్లాడితే విశ్రాంతి అనుకుంటారు గానీ అది ఇంకా శ్రమ, పూర్తిగా మౌనంగా ఉండడమే మందు. రెండు వారాలైనా తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించు.

ఉద్యోగం వెంటనే మానేస్తానన్న మాట నాకు నచ్చలేదు. కోట శ్రీనివాసరావు స్టేట్ బ్యాంకులో పనిచేస్తూనే నాటకాలాడారు, సుత్తి వీరభద్రరావు ఆకాశవాణిలో ఉద్యోగి. రేడియోలో కనుబొమలు పనికిరావు, అన్నీ గొంతుతోనే పలికించాలి. ఆ సాధన ఆయన సినిమా సంభాషణల్లో వినిపిస్తుంది. 1982లో ‘నాలుగు స్తంభాలాట’ తరువాత ‘సుత్తి’ ఆయనకూ, అందులో ఆయనకు జోడీగా నవ్వించిన వేలుకూ ఇంటిపేరు లాగే అయిపోయింది. నీకూ అలాంటి ముద్ర పడితే మొదట్లో కాదనకు, పని తెచ్చేది అదే. కానీ మధ్యమధ్య చిన్నదైనా సరే, వేరే రకం వేషం ఒప్పుకో. 1985లో ప్రతినాయకుడిగా భయపెట్టిన కోట 1987లో పిసినారిగా నవ్వించారంటే, రెండు పాత్రలనూ ఒకే గంభీరతతో చేశారు కనుకనే.

అవకాశాల కోసం స్టూడియోలకు పంపే నమూనా రికార్డింగు నిమిషం దాటనివ్వకు. మొదట నీ మామూలు గొంతు పెట్టు, తరువాతే వేషాలు. పెద్ద నటులను అనుకరించే ముక్కలు తీసెయ్యి, ఆ నటులు ఉండగా నకలు ఎవరికి కావాలి?

ఒప్పందం చదవకుండా సంతకం చేయవద్దు. పోర్కీ పిగ్‌ను తీసిన వార్నర్ సంస్థ కార్టూన్లలో గాత్రానికి మెల్ బ్లాంక్ పేరు తెర మీద పడింది గానీ, వాటిలోనే ఎల్మర్ ఫడ్ అనే పాత్రకు ఏళ్ల తరబడి గొంతిచ్చిన ఆర్థర్ క్యూ. బ్రయాన్ పేరు పడలేదు. ఇప్పుడు పేరొక్కటే కాదు, గొంతే పోయే ప్రమాదం ఉంది. 2024 జులైలో అమెరికా వీడియో గేముల గాత్ర కళాకారులు సమ్మెకు దిగింది ప్రధానంగా కృత్రిమ మేధ విషయంలోనే. రికార్డు చేసిన గొంతును ఏ పనికి, ఎంతకాలం వాడతారో, దానితో యంత్రానికి శిక్షణ ఇస్తారో లేదో కాగితం మీద రాయించుకో. ఆ వాక్యం రాయడానికి ఒప్పుకోకపోతే సంతకం పెట్టకుండా ఆ కాగితం నాకు పంపు, తెలిసిన వకీలుకు చూపించి జవాబు రాస్తాను.

ఆశీస్సులతో,
బాబాయి